ఆకుపచ్చ పోగు

1946 ఫిబ్రవరి 11

పొద్దున్నుంచీ ముసురు. నార ఎండలేదు కాబట్టి పని లేదు. పని లేని రోజున నాన్న తాళ్ళు పేనే పాకలో ఊరికే అటూ ఇటూ తిరుగుతాడు. ఎవరింట్లోనో చుట్టం వచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు.

వదిన తేల్చి చెప్పేసింది. వెళ్తుందట. పట్నం పెద్దాసుపత్రిలో నర్సు చదువు. తిండీ బసా వాళ్ళవే. మార్చి నెలాఖరుకి చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. యుద్ధం రోజుల్లో మా ఊరి బడిలో గాయాలవాళ్ళని ఉంచినప్పుడు వదిన కట్లు కట్టడం చూసిన డాక్టరమ్మే పట్టుబట్టి ఇప్పించింది.

నాయనమ్మ "వెళ్ళవే తల్లీ" అంది. నాన్న తల ఊపాడు. బాబాయి మాత్రం ఊరుకుంటాడా!

"బాగానే ఉంది. ఇంట్లో ఒకతి బియ్యే, ఒకతి నర్సు. రేపు నాకు జబ్బు చేస్తే ఒకతి మందు పోస్తుంది, ఒకతి దాని మీద వ్యాసం రాస్తుంది."

వదిన చాలా రోజుల తర్వాత నవ్వింది.

వదిన వెళ్తే నాన్న, నాయనమ్మ, నేను. అంటే నేను ఎక్కడికీ కదలడానికి లేదు. పట్నంలో నా స్నేహితురాలు ఇద్దరికీ సరిపడే గది చూసింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి ఏముంది.

ఫిబ్రవరి 12

ముసురే.

ఫిబ్రవరి 15

ఎండ కాసింది. చక్రం తిప్పీ తిప్పీ భుజం లాగేస్తోంది. కాలేజీలో తత్వశాస్త్రం చదివిన భుజం.

మధ్యాహ్నం భోజనం దగ్గర నాన్న "నీకూ ఒక రంగు అనుకో. నెమ్మదిగా నడక నేర్పుతా" అన్నాడు. మా ఇంట్లో ఆడవాళ్ళకి రంగు ఉండేది కాదు. ఆడవాళ్ళు చక్రం తిప్పుతారు, అంతే. మగవాళ్ళు నడుముకి నార చుట్టుకుని, కొస చక్రం కొక్కేనికి తగిలించి, నార వదులుతూ వెనక్కి నడుస్తారు. పాక ఈ చివర మనం, ఆ చివర వాళ్ళు. మన మొహం చూస్తూనే మననుంచి దూరమైపోయే పని ఇదొక్కటే అనుకుంటా.

పోగులు పేటలై, మూడు పేటలు తాడై, లోపల మధ్యలో రంగు పోగు ఒకటి. పేనినవాడి గుర్తు. తాడు తెగితే తప్పు ఎవరిదో తెలియాలని ఎప్పుడో పెట్టుకున్న కట్టుబాటు. కొసలు కట్టేస్తాం గనక పైకి ఏమీ కనబడదు. కోస్తేనే తెలుస్తుంది.

తాతయ్యది తెలుపు. పెదనాన్నది పసుపు. నాన్నది నలుపు. అన్నయ్యది ఆకుపచ్చ. బాబాయికి నీలం అనుకున్నారట గానీ, ఆ రంగుతో ఒక్క తాడూ పేనకముందే మొదటి యుద్ధానికి వెళ్ళి ఎడమ చెయ్యి అక్కడ వదిలేసి వచ్చాడు. అదే యుద్ధానికి వెళ్ళిన పెదనాన్న రానే లేదు. సైన్యానికి తాళ్ళు కావాలి కాబట్టి నాన్నని ఇక్కడ ఉంచేశారు. ఆ తర్వాత ఈ యుద్ధం. పెళ్ళయిన ఏడాదిలోపే అన్నయ్య వెళ్ళాడు. ఆచూకీ లేదన్న కబురు వచ్చిన చలికాలంలో అమ్మ పోయింది. అప్పుడు నేను చదువు ముగించి వచ్చాను. నాలుగు రోజులు ఉండి వెళ్దామని.

రంగు ఆలోచిస్తానని చెప్పాను.

ఫిబ్రవరి 19

వదిన తెల్ల బట్టలు కుట్టించుకోవడానికి కుట్టత్త ఇంటికి వెళ్తే నేనూ తోడు వెళ్ళాను. కుట్టత్త మాకు చుట్టమేమీ కాదు, ఊళ్ళో పిల్లలందరికీ అత్తే. పెళ్ళి చేసుకోలేదు. కొలతలు తీసుకుంటూ వదినతో, "నడుము దగ్గర కాస్త వదులు ఉంచుతున్నా. పట్నం తిండికి లావెక్కుతావు. ఎక్కకపోతే మళ్ళీ వచ్చి నన్ను తిట్టు" అంది.

ఇంటికొచ్చేసరికి నాన్న చేతులు కడుక్కుంటున్నాడు. గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ రంగు. ఏంటది అంటే, "బాబాయి బండికి రంగు వేస్తున్నాం" అన్నాడు. మంచిదే. ఆ బండి నేను పుట్టినప్పటినుంచీ మట్టి రంగులోనే ఉంది.

ఫిబ్రవరి 26

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బాబాయి రేవు నుంచి బండి తోలుకుని వస్తూనే వీధిలోంచే కేకలు. చేతిలో ఒక తాడు ముక్క. సముద్రం వైపు నుంచి వచ్చిన పడవ నడిపే సరంగు ఎందుకో తాడు కోస్తుంటే కొస లోపల రంగు కనిపించిందట. బతిమాలి ఆ ముక్క పట్టుకొచ్చాడు. సముద్రం ఒడ్డున సంతలో కొన్నానని సరంగు చెప్పాడట.

లోపల ఆకుపచ్చ.

పాత తాడు కాదు. నార ఇంకా తెల్లగా ఉంది, నూనె వాసన పోలేదు. ఈ చుట్టుపక్కల ఎక్కడా తాడులో రంగు పోగు పెట్టేవాళ్ళు లేరు, మేం తప్ప. మాలో ఆకుపచ్చ అన్నయ్య తప్ప ఎవరిదీ కాదు.

వదిన ఆ ముక్కని రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "ఆయన ఎక్కడో తాళ్ళు పేనుతున్నాడు" అంది. మళ్ళీ అదే మాట అంది. బాబాయి ఏడుస్తూ నవ్వుతూ, "ఆ వాగుడుకాయ ఎక్కడుంటే అక్కడ నోరు ఆడాలి, చెయ్యి ఆడాలి! నేను అనలేదూ?" అన్నాడు. ఎప్పుడూ అనలేదు.

నాయనమ్మ ఇటివ్వమని చెయ్యి చాపింది. తాడు పొడుగునా బొటనవేలితో తడిమింది. వాసన చూసింది. తిరిగి ఇచ్చేసి కోళ్ళకి గింజలు వెయ్యడానికి పెరట్లోకి వెళ్ళింది. పెద్దతనం. అంత సంతోషం తట్టుకోలేకపోయి ఉంటుంది.

నాన్న పాకలోంచి రాలేదు. చెబుదామని నేనే వెళ్ళాను. "వినపడింది" అన్నాడు.

ఫిబ్రవరి 27

తాడుని వెలుతురులో మళ్ళీ చూశాను. ఎంత నున్నగా ఉందో! ఒక్క బుడిపె లేదు. అన్నయ్య నడుస్తున్నంతసేపూ వాగుతూనే ఉంటాడు, మాటకి తగ్గట్టు నార ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. వాడి తాడు చీకట్లో తడిమినా తెలుస్తుందని నాయనమ్మ తిట్టేది. ఇప్పుడు పని నేర్చుకున్నాడన్నమాట. పరాయిచోట ఎవరితో మాట్లాడతాడు పాపం.

నారేమో అచ్చం మా నారలాగే ఉంది. నార ఎక్కడైనా నారే కదా.

మార్చి 2

వదిన ట్రంకు విప్పేసింది. చీరలు మళ్ళీ అలమరలో సర్దింది. నేను సాయం చేశాను.

"తాడు వచ్చింది, మనిషి రాడా?" అంది నా వంక చూడకుండా.

"వస్తాడు వదినా."

"నేను పట్నంలో ఉండగా వస్తే బాగుండదు."

"బాగుండదు."

కుట్టత్తకి బట్టలు ఆపెయ్యమని చెప్పడానికి నేను వెళ్ళాను. తాడు సంగతి అంతా విన్నది. మిషను ఆపలేదు. "బట్ట మీద కత్తెర పడ్డాక ఆపడం ఏంటే? పూర్తి చేసి ఉంచుతా" అంది.

మార్చి 3

వదిన ఇంట్లో ఉంటుంది కాబట్టి నేను పట్నం వెళ్ళొచ్చు. లెక్క ప్రకారం అంతే. గది ఇంకా ఖాళీగానే ఉందట.

ఇది రాసుకున్నాక చదివితే సంతోషంగా అనిపించలేదు. నిన్న అనిపించింది.

మార్చి 6

వదిన రోజూ సాయంత్రం రేవు దారి వైపు నడిచి వస్తోంది. ఊరికే గాలికి, అంటుంది.

నాన్న అన్నం సరిగ్గా తినడం లేదు. పంటినొప్పి అంటాడు.

మార్చి 9

ఈరోజు నాయనమ్మకి తల దువ్వుతున్నాను. ఉన్నట్టుండి, "కుట్టత్త ఎందుకు పెళ్ళి చేసుకోలేదో తెలుసా నీకు?" అంది.

తెలియదన్నాను. ఎప్పుడూ అడగాలని కూడా తోచలేదు. కుట్టత్త పుట్టడమే మిషను ముందు కూర్చుని పుట్టినట్టు ఉంటుంది మాకు.

"మీ పెదనాన్నకి అనుకున్న పిల్ల అది."

దువ్వెన ఆపాను.

"నువ్వు దువ్వు. చేతులు ఆడుతుంటేనే చెప్పగలను." దువ్వెన మళ్ళీ కదిలాక మొదలుపెట్టింది. "ఆ యుద్ధం అయిపోయింది. పెద్దోడు రాలేదు. దానికి వేరే సంబంధం చూశారు. సరిగ్గా అప్పుడే మీ బాబాయి బియ్యం మిల్లు నుంచి ఒక తాడు తెచ్చాడు. లోపల పసుపు పోగు."

నేను చిక్కు తీస్తున్నాను.

"కొత్త తాడే. నేను పరిగెత్తుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. వస్తాడే, బతికే ఉన్నాడే, ఆ సంబంధం వద్దనవే అన్నాను. అది వద్దంది. ఏడాదికోసారో రెండేళ్ళకోసారో ఎక్కడో ఒకచోట పసుపు కనిపించేది. నేను తలుపు గడియ పెట్టుకునేదాన్ని కాదు. అదీ పెట్టుకోలేదు. దాని జుట్టు నెరిసింది. మీ తాతయ్య పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, అవన్నీ నేనే పేనానే, నువ్వు బతకాలని, అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చెయ్యి లాక్కున్నాను. రెండ్రోజులకి పోయాడు. ఆ రెండ్రోజులూ మాట్లాడలేదు." జడ కొస తనే పట్టుకుని ముడేసుకుంది. "కుట్టత్తకి ఒక్కదానికే చెప్పాను. నా కొడుకులకి చెప్పలేదు. చచ్చిపోయిన తండ్రిని వాళ్ళ కళ్ళముందు దొంగని చెయ్యడం ఎందుకని. అప్పుడే చెప్పి ఉంటే నడిపోడు ఈ పని చేసేవాడు కాదు."

నడిపోడు అంటే నాన్న.

"నాన్న ఏం చేశాడు?" అన్నాను. నాకు నిజంగా తెలియనట్టే అడిగాను.

నాయనమ్మ నా మొహం వంక చూసి, "బియ్యే చదివావు" అంది. అంతే.

మార్చి 10

బాబాయి ఇంటికి వెళ్ళి బండి చూశాను. మట్టి రంగు.

మార్చి 11

అంతా తెలిసేలాగే ఉంది, ఎందుకు తెలియలేదు? కొత్త నార. మా నూనె. నున్నటి పేనుడు. చక్రం దగ్గర ఉన్నవాళ్ళకి అవతలి కొసన వేళ్ళు ఏం చేస్తున్నాయో కనబడదు నిజమే. కానీ తాడు నా చేతికి కూడా వచ్చింది కదా. గది ఖాళీగా ఉంది కాబట్టి తెలియలేదు.

వదినకి చెప్పాలి. నెలాఖరు దగ్గరపడుతోంది.

మార్చి 12

చెప్పలేదు.

మార్చి 14

చెప్పలేదు. వదిన అన్నయ్య చొక్కాలు ఉతికి ఆరేసింది. ఎవరూ వేసుకోని చొక్కాలు తీగ మీద ఊగుతుంటే, ఇప్పుడు కాదులే అనిపించింది. రేపూ ఏదో ఒకటి ఆరేస్తుంది.

మార్చి 17

పొద్దున నాయనమ్మ నా భుజం పట్టుకుని పాకకి వచ్చింది. మోకాళ్ళు పట్టేశాక ఆవిడ పాకలో అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. నన్ను లేవమని చక్రం దగ్గర తను కూర్చుంది. నాన్న అప్పటికే నార చుట్టుకుని నిలబడ్డాడు. వదిన తాగే నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర పెడుతోంది.

"నడిపోడా, ఇలా వచ్చి గోళ్ళు చూపించు."

యాభై దాటిన మనిషి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"బండికి రంగు..."

"బండికి రంగు లేదు. నాకు చూపు తగ్గింది గానీ పోలేదురా."

నాన్న నా వైపు చూశాడు. తర్వాత వదిన వైపు. నడుముకున్న నార విప్పడం మొదలుపెట్టి మళ్ళీ ఆగిపోయాడు.

"పొద్దున పూట నాది, మధ్యాహ్నం పూట వాడిది. వాడున్నప్పుడూ అంతే కదమ్మా. మధ్యాహ్నం కూడా నల్లపోగు పెడుతుంటే వాడి పీట మీద నేను కూర్చున్నట్టు ఉంది. అందుకని కొన్నాళ్ళుగా మధ్యాహ్నం ఆకుపచ్చ పెడుతున్నాను. ఎవరినీ నమ్మించాలని కాదు. రేవుకి వెళ్ళిన తాడు తిరిగి వస్తుందా? ఎప్పుడైనా వచ్చిందా?"

"వచ్చింది" అంది నాయనమ్మ. "పసుపుది."

"అది అన్నయ్య..." అన్నాడు నాన్న.

"అది మీ నాన్న."

నాన్నకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నార కుప్ప మీద కూర్చుండిపోయాడు. నేను వదిన వైపు చూడలేక చక్రం వైపు చూస్తున్నాను.

"తాడు ఇంటికొచ్చిన రోజైనా చెప్పాల్సింది కదరా. ఈ పిల్ల ట్రంకు విప్పేసింది."

"పొద్దున్నే చెబుదామనుకుంటాను. సాయంత్రానికి, ఏమో, అది నేను పెట్టిన పోగు కాదేమో అనిపిస్తుంది." నాన్న అరచేతులు చూసుకున్నాడు. "నేనే నమ్మేస్తున్నానమ్మా."

అప్పుడు వదిన గుమ్మం దాటి లోపలికి వచ్చింది. గొంతు మామూలుగానే ఉంది.

"నాకు తెలుసు మామయ్యా. దాంట్లో ఒక్క బుడిపె లేదు. ఆయన తాడు అలా ఉంటుందా?"

"తెలిసి ట్రంకు ఎందుకు విప్పావు వదినా?" అనేశాను.

"తెలియకుండా ఉందామని."

నాయనమ్మ వేలు చక్రం ఆకు మీద పెట్టి అటూ ఇటూ కదుపుతోంది.

"ఆ రంగు పోగు ఇంకా ఉందా?" అంది వదిన.

"ఒక ఉండ ఉంది."

"అయితే నాకు ట్రంకు కట్టుకోవడానికి ఒక తాడు పేనిపెట్టండి. ఆయన తాడులా ఉండాలి."

"వాడిలా నాకు రాదమ్మా. చెడగొట్టి పేనడం చేతకాదు."

"మాట్లాడుతూ నడవండి. అదే వస్తుంది."

మార్చి 18

వదిన పొద్దున తలుపేసుకుని పడుకుంది. మధ్యాహ్నం లేచి కుట్టత్త ఇంటికి వెళ్ళింది. సాయంత్రం దాకా రాలేదు. వచ్చినప్పుడు చేతిలో తెల్ల బట్టలున్నాయి. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏమంది కుట్టత్త?"

"నడుము దగ్గర బిగించాలట. ఈ నెల రోజుల్లో చిక్కిపోయానట."

మార్చి 24

ఈరోజు ఆకుపచ్చ తాడు పేనాం. అందరం ఉన్నాం. చక్రం నాయనమ్మ తిప్పుతానంది. బాబాయి బండి మానేసి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

నాన్న నార చుట్టుకుని కొస తగిలించి నిలబడ్డాడు. ఒక అడుగు, రెండడుగులు.

"మాట్లాడరా" అంది నాయనమ్మ.

"ఏం మాట్లాడను?"

"పెళ్ళిచూపుల్లో కూడా ఇదే అడిగాడు" అన్నాడు బాబాయి.

నాన్న ముందు నార గురించి చెప్పాడు. ఈ ఏడు నార బాగుందన్నాడు. తర్వాత ఎండ గురించి. పోగు నున్నగా వస్తోంది. వదిన దాన్ని చూస్తూ తల అడ్డంగా ఊపింది. అప్పుడు, అన్నయ్య చిన్నప్పుడు నార కుప్పలో నిద్రపోతే ఊరంతా వెతికామన్నాడు. దొరికాక తిట్టబోతే, నేనెక్కడికీ పోలేదు నాన్నా, మీరే పోయారు, అన్నాడట. బాబాయి నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. చేతిలో నార కొంచెం ఎక్కువ వెళ్ళిపోయింది. మొదటి బుడిపె.

ఇక ఆపలేదు. వాడు ఎవరినెలా వెక్కిరించేవాడో, రేవులో సరంగులకి వంకర పేర్లు ఎలా పెట్టేవాడో. నాన్న గొంతు ఇంత పెద్దదని నాకు తెలియదు. పాక సగం దాటాక వేగం తగ్గింది.

"వెళ్ళే రోజు పొద్దున నేను ఇక్కడే ఉన్నా. ఇదిగో, ఇక్కడ. సగం పోగులో ఉన్నా. వాడు ఆ గుమ్మంలో నిలబడి, వెళ్తున్నా నాన్నా అన్నాడు. సగం పోగు వదిలి ఎలా వస్తాను? వదిలితే పురి విప్పుకుపోతుంది. వాడు చెయ్యి ఊపాడు. నా రెండు చేతుల్లో నార. నేను ఊపలేదు. వాడు ఆ చివర నిలబడే ఉన్నాడు, నేను వెనక్కి, వెనక్కి..."

అక్కడ బుడిపె పిడికిలంత వచ్చింది. నాయనమ్మ చక్రం ఆపలేదు. ఆపితే నాన్న ఆగిపోతాడని ఆవిడకి తెలుసు.

సాయంత్రానికి తాడు తయారైంది. ఇంత వికారమైన తాడు మా పాకలో మూడేళ్ళుగా ఎవరూ చూడలేదు. నాయనమ్మ కళ్ళు మూసుకుని బొటనవేలితో కొస నుంచి కొస దాకా తడిమింది.

"ఇదీ వాడిది" అంది.

మార్చి 29

వదిన వెళ్ళింది. ట్రంకు బాబాయి కట్టాడు, ఒక చెయ్యీ పళ్ళూ వాడి. "ఏం తాడే ఇది, కొరకడానికి కూడా ఒక్కచోట సాపుగా లేదు" అన్నాడు. కుట్టత్త వచ్చింది. బండి పక్కనే వీధి చివరి దాకా నడిచింది. వదినకి ఏదో చెప్పింది. నాకు వినపడలేదు.

బండి కదిలేటప్పుడు నాన్న పాకలో లేడు. గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. చేతుల్లో ఏమీ లేదు. బండి మలుపు తిరిగే దాకా రెండు చేతులూ ఊపాడు.

మార్చి 30

పట్నం గది సంగతి నాన్నకి చెప్పాను. పాక వైపు చూసి, "చక్రం దగ్గరికి ఎవరినైనా చూడాలి" అన్నాడు. వెళ్ళమన్నట్టా, వద్దన్నట్టా తెలియలేదు. నాయనమ్మ మాత్రం తల దువ్వుకోవడం తనకి వచ్చులే అంది.

ఏప్రిల్ 1

మంచి ఎండ. పొద్దున పూట నాన్నే నడిచాడు. మధ్యాహ్నం పూటా నాన్నే. రెండుసార్లూ నల్లపోగే పెట్టాడు. నాకు చూపించి మరీ పెట్టాడు.

ఏమీ మాట్లాడలేదు. తాడు నున్నగా వచ్చింది.